వెనక్కి చాచిన చేయి

ఐదో అంచె రోజు పొద్దున నేను చేయాల్సిన పనులు ఇవి:

టైర్లలో గాలి చూసుకోవాలి.
అన్సెల్మోకి రెండు, నాకు రెండు సీసాలు నింపాలి.
ఆకులో చుట్టిన జామ బిళ్లలు నాలుగు జేబులో పెట్టుకోవాలి. అందులో మూడు అన్సెల్మోవి.
దిగుడులో చలిగాలి తగలకుండా జెర్సీ లోపల పెట్టుకోవడానికి రెండు పాత దినపత్రికలు మడిచి ఉంచాలి.
మొదటి యాభై కిలోమీటర్లలో పేరు లేనివాళ్లెవరైనా ముందుకు పోతే పోనివ్వాలి.
ఇలారియో సియాచోకె వెనక చక్రానికీ నా ముందు చక్రానికీ మధ్య జానెడు కంటే ఎక్కువ ఎడం రాకూడదు.
అతన్ని దాటి ముందుకెళ్లి గాలికి ఎదురు తొక్కకూడదు.
అతనితో మాట్లాడకూడదు.
సాయంత్రం సీసాలన్నీ కడిగి బోర్లించాలి.

ఈ జాబితాను మా జట్టు డైరెక్టరు దోన్ ఎఫ్రాయిన్ తన చేత్తో రాసి, దుయితామాలో మేం దిగిన గదిలో అద్దానికి అతికించారు. ఒక్కొక్కరికీ ఒక్కొక్క కాగితం. నా కాగితంలో ఉన్నవన్నీ ఆ రోజు చేశాను. ఒక్కటి కూడా వదల్లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత నన్ను అడిగినవాళ్లందరూ నేను ఏదో ఒకటి చేయకుండా వదిలేసి ఉంటానన్నట్టే అడిగారు.

అది మా కొండ ప్రాంతంలో ఏటా ఆగస్టులో జరిగే ఆరు రోజుల పోటీ. రోజుకొక అంచె. ఆరు రోజుల మొత్తం మీద ఎవరి సమయం తక్కువైతే వాడు గెలిచినట్టు. ఏ రోజుకారోజు ఆ లెక్కలో ముందున్నవాడు పసుపు జెర్సీ తొడుక్కుంటాడు. నాలుగు అంచెలయ్యేసరికి అది మా నాయకుడు అన్సెల్మో కుస్పోకా ఒంటి మీద ఉంది. అతనికి ముప్పై ఆరేళ్లు. అంతకుముందు రెండుసార్లు రెండో స్థానంలో మిగిలిపోయాడు. ఆ ఏడాదితో సైకిలు వదిలేస్తానని భార్యకి మాటిచ్చాడు. అతని వెనక ముప్పై ఒక్క సెకన్ల తేడాతో ఇలారియో సియాచోకె ఉన్నాడు. వేరే జట్టువాడు. ఇరవై ఆరేళ్లు. నా ఈడువాడు, మా ఊరివాడు.

పసుపు జెర్సీ ఒంటి మీదికి వచ్చాక గెలవడమనే పని ఇక ఉండదు. పోగొట్టుకోకుండా ఉండడమే పని. జట్టులో మిగతా ఏడుగురూ ఆ పని కోసమే ఉంటారు. కొండ మీద ఇలారియో అన్సెల్మో కంటే గట్టివాడని అందరికీ తెలుసు. అందుకని అతన్ని ఓడించాల్సిన అవసరం లేదు. ఒంటరిగా వెళ్లనివ్వకపోతే చాలు. అతని చక్రం పట్టుకుని ఒకడు వెనకే ఉండాలి. వెనకున్నవాడికి గాలి తగలదు, శ్రమ బాగా తగ్గుతుంది. ముందున్నవాడికి వాడి బరువు తగలదు, నిజమే. కానీ తను ఒళ్లు హూనం చేసుకుని లాగుతుంటే వాడు కదలని కాళ్లతో కూర్చుని వస్తున్నాడన్న సంగతి కొంతసేపటికి తొడల్లోకి దిగుతుంది. ఆ ఒక్కడిగా నన్ను పెట్టారు. దోన్ ఎఫ్రాయిన్‌కి కారణం తెలుసు. ఇలారియో ఎప్పుడు జీను మీంచి లేస్తాడో, లేచే ముందు ఎడమ మోచేయి ఎలా బయటికి వస్తుందో నాకు తెలిసినంతగా గుంపులో ఇంకెవరికీ తెలియదు. పదిహేనేళ్ల వయసు నుంచి ఆ చక్రం వెనకే పెరిగాను.

మా ఇద్దరికీ తొక్కడం నేర్పింది ఇలారియో అన్న అబెలార్దో. అతను పదకొండు పోటీలు తొక్కాడు, అన్నీ ఇంకొకరి కోసం. ఒకసారి నాయకుడి టైరు పోతే తన చక్రం ఊడదీసి ఇచ్చి, వానలో రోడ్డు పక్కన నలభై నిమిషాలు కూర్చున్నాడు. పోటీలు లేని నెలల్లో బొగ్గు గనిలో పనిచేసేవాడు. ఆదివారాలు మా ఇద్దర్నీ కర్దోన్ కనుమ ఎక్కించేవాడు. ముగ్గురికీ కలిపి ఒకటే సీసా, అల్యూమినియంది, బిరడా మూతది. దాని నిండా నిమ్మకాయ పిండిన బెల్లం నీళ్లు. దానికొక పద్ధతి పెట్టాడు. ముందు తొక్కేవాడు రోడ్డు పక్కనున్న సీసా కోసం హ్యాండిల్ వదలకూడదు. సీసా ఎప్పుడూ వెనకవాడు అందుకోవాలి. ముందువాడు వెనక్కి చూడకుండా నడుం మీదికి చేయి చాస్తాడు, వెనకవాడు సీసాను ఆ చేతిలో పెడతాడు. ముందువాడు రెండు గుక్కలు తాగి మళ్లీ వెనక్కిస్తాడు. అడగడాలు లేవు. కొండ మీద మాట్లాడితే ఊపిరి దండగ అనేవాడు. అలా ఆరేళ్లు ఆ సీసా మా మధ్య తిరిగింది.

మా ఇంట్లో బడి దాటి చదివిన మొదటివాణ్ని నేనే. తుంఖా విశ్వవిద్యాలయంలో వ్యవసాయ శాస్త్రంలో చేరినప్పుడు, చదువు ఆగకుండా ఉండాలంటే జట్టులో చోటు కావాలని, నా గురించి దోన్ ఎఫ్రాయిన్‌తో మాట్లాడినవాడూ అబెలార్దోనే. వీడు గెలవడు గానీ చెప్పింది చేస్తాడని చెప్పాడట. బస్సులో నేల గురించిన పుస్తకాలు చదువుకుంటానని గుంపులో నన్ను పంతులు అని పిలిచేవారు. నా పేరు తెయోదులో అని చాలామందికి తెలియదు.

ఆ రోజు అంచె నూట నలభై కిలోమీటర్లు. లోయంతా ఎదురుగాలి. ముప్పయ్యో కిలోమీటరు దగ్గర నలుగురు పేరు లేనివాళ్లు ముందుకు పోయారు. పోనిచ్చాం. వాళ్లలో అందరికంటే పైనున్నవాడు మొత్తం లెక్కలో పదిహేను నిమిషాలు వెనక ఉన్నాడు. వాళ్లు ముందుంటే మాకే మంచిది, ఇంకెవరూ గుంపులోంచి దూకి పారిపోవాలనుకోరు. మావాళ్లు ముగ్గురు గుంపు ముందు నిలబడి, మాట్లాడుకోలేనంత వేగం కాకుండా, మాట్లాడుకుంటూ తిరిగేంత నెమ్మదీ కాకుండా ఒకే తీరుగా లాగారు. నేను ఇలారియో చక్రం వెనక ఉన్నాను. అతను నీళ్ల కోసం వెనక్కి వెళితే వెనక్కి వెళ్లాను. అతను పక్కకి జరిగి ఉచ్చ పోసుకుంటే నేనూ పోసుకున్నాను. గుంపులో అందరూ నవ్వారు. వెనకున్నవాడి దగ్గర అద్దె తీసుకుంటున్నావా, ఊరికే ఉండనిస్తున్నావా అని ఇలారియోని ఒకడు అడిగాడు. పెళ్లయ్యాక కూడా వీడు ఇలాగే మధ్యలో పడుకుంటాడని ఇంకొకడు. ఇలారియో నవ్వాడు. నేను చక్రం చూశాను. నాలుగు రోజులుగా అదే చక్రం. టైరు అంచు మీద చిన్న తెల్లటి కోత ఉంది, అది కిందికి వెళ్లి పైకి వచ్చేది.

నూట ఇరవై ఎనిమిదో కిలోమీటరు దగ్గర మా ఊరు శాన్ రోకె వస్తుంది. ఊరు దాటగానే కర్దోన్ కనుమ ఎక్కుడు మొదలవుతుంది. పదకొండు కిలోమీటర్ల ఎక్కుడు, పైన ప్రార్థనామందిరం దగ్గర ఆ రోజు అంచె ముగింపు.

ముందుపోయిన నలుగుర్నీ గుంపు కలిపేసుకుంది. ఊరు ఇంకా నాలుగు కిలోమీటర్లుందనగా ఇలారియో గుంపు అంచు పట్టుకుని ముందుకొచ్చి అన్సెల్మో పక్కన చేరాడు. నేనూ చేరాను. ఎవరి ఊరైనా దారిలో వస్తే, వాడు పసుపు జెర్సీవాణ్ని అడిగి, కాస్త ముందుగా వెళ్లి, ఇంటివాళ్లను పలకరించుకుంటాడు. మిగతావాళ్లు మెల్లగా వచ్చి వాణ్ని కలుపుకుంటారు. అడిగినవాడికి కాదనడం ఉండదు. సెలవు పుచ్చుకున్నవాడు దాన్ని వాడుకుని పారిపోవడమూ ఉండదు. ఇది ఏ పుస్తకంలోనూ రాసి లేదు.

"అన్నా, శాన్ రోకె వస్తోంది," అన్నాడు ఇలారియో. "మా అన్న రోడ్డు మీదికి వస్తానన్నాడు. ఒక్క నిమిషం ఆగుతాను."

అబెలార్దో ఎలా ఉన్నాడని అన్సెల్మో అడిగాడు. ఊపిరితిత్తుల నిండా బొగ్గే ఉందన్నారని, నెల నుంచి మంచం దిగలేదని, కుర్చీతో సహా మోసుకొస్తారని ఇలారియో చెప్పాడు. వచ్చే ఏడాది పోటీకి ఉండడు అని కూడా అన్నాడు, వానలు ఆలస్యమవుతాయన్నట్టు.

"వెళ్లు తమ్ముడూ. నేను అడిగానని చెప్పు. మేం మెల్లగా వస్తాం."

చుట్టూ ఉన్నవాళ్లందరూ విన్నారు. మాట వెనక్కి పాకింది, గుంపు వేగం తగ్గింది. ఇలారియో గేరు మార్చబోతూ నా వైపు తిరిగాడు.

"ఏరా పంతులూ, నీకూ ఊరే కదా. నువ్వూ అడుగు. ఇద్దరం పోదాం."

నేను ఏమీ అనలేదు. మాట్లాడకూడదని కాగితంలో ఉంది. అతను రెండు క్షణాలు చూసి, సరేలే అన్నట్టు తల ఊపి ఒక్కడే వెళ్లాడు. ఆ క్షణంలో నేను అన్సెల్మోని అడిగి ఉంటే ఊరివాడిగా అతని పక్కన వెళ్లేవాణ్ని. జానెడు ఎడం కూడా రాకుండా ఉండేది. ఈ సంగతి నాకు అప్పుడు తట్టలేదు. తర్వాత చాలాసార్లు తట్టింది.

రెండు నిమిషాలయ్యాక వెనక నుంచి మా కారు వచ్చింది. దోన్ ఎఫ్రాయిన్ కిటికీలోంచి చేయి బయటపెట్టి తలుపు మీద కొట్టారు. సియాచోకె ఒంటరిగా ఎలా పోయాడని అడిగారు. అన్సెల్మో సెలవిచ్చాడని చెప్పాను. ఊరు ఎక్కడ అయిపోతుంది, ఎక్కుడు ఎక్కడ మొదలవుతుంది అని అడిగారు. రెండూ ఒకచోటేనని చెప్పాను. వాడు ఆగకపోతే ఏం చేస్తావన్నారు. ఆగుతాడని, వాళ్లన్న జబ్బుమనిషని చెప్పాను.

"సెలవిచ్చింది అన్సెల్మో. జట్టు నాది. నీ కాగితంలో ఏం రాశాను?"

"జానెడు."

"ఇప్పుడెంతుంది?"

అన్సెల్మో గుంపు మధ్యలో జామ బిళ్ల ఆకు విప్పుకుంటున్నాడు, మా వైపు చూడలేదు. నేను వెళ్లాను. సెలవు తీసుకున్నవాడి వెనక పసుపు జెర్సీ జట్టు మనిషి వెళ్లడం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. వెనక గుంపులో ఎవరో ఈల వేశారు.

నాలుగు వందల మీటర్లు అందుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు, అతను తీరిగ్గానే పోతున్నాడు. ఊరి మొదట్లో సున్నపు బట్టీ దాటాక, కాలవలో రెండు ఆకుపచ్చ సీసాలు పడి ఉన్నాయి. ఇలారియోవి. అన్న దగ్గర నిండు సీసా దొరుకుతుంది కదా అని ఖాళీ చేసి పారేశాడు. నేను వెనక చేరేసరికి నా గొలుసు చప్పుడు విన్నాడు. చంక కిందుగా చూశాడు. మొదట నేను మనసు మార్చుకుని వచ్చాననుకున్నాడేమో, మొహం తేటపడింది. తర్వాత నేను పక్కకి రాకుండా చక్రం వెనక్కి దూరడం చూశాడు. నా వెనక మా కారునీ చూశాడు.

"సెలవు లేదన్నమాట," అన్నాడు.

నేను చక్రం దగ్గరికి ఇంకాస్త జరిగాను.

అతని ఎడమ మోచేయి బయటికి వచ్చింది. జీను మీంచి లేచాడు. అక్కడి నుంచి అది పలకరింపు కాదు. రేడియోవాళ్ల మోటారు సైకిలు అప్పుడే పక్కకొచ్చింది, సియాచోకె దూకాడు, కుస్పోకా మనిషి పంతులు ఒక్కడే వెంట ఉన్నాడు అని వ్యాఖ్యాత అరవడం వినిపించింది. దూకడు అని నేను హామీ ఇచ్చినవాడు దూకాడు. దూకకుండా చూడమని పంపినవాణ్ని నేను.

ఊళ్లోంచి ఒకటిన్నర నిమిషంలో పోయాం. జనం రోడ్డుకి రెండు పక్కలా ఉన్నారు, మా ఇద్దరి పేర్లూ పిలిచారు. మా నాన్న కూడా ఎక్కడో ఉన్నాడు, తర్వాత చెప్పాడు. నేను తెల్లటి కోత చూస్తున్నాను. రొట్టెల కొట్టు ముందు కుర్చీలో ఎవరో రువానా, మా కొండల ఉన్ని దుప్పటి, కప్పుకుని కూర్చున్నారు. ఒళ్లో ట్రాన్సిస్టరు. పక్కన అబెలార్దో భార్య ఒతీలియా అతని మోచేతిని కింది నుంచి ఎత్తి పట్టుకుని ఉంది. ఆ చేతిలో అల్యూమినియం సీసా, రోడ్డు మీదికి చాచి ఉంది. ఇలారియో తల తిప్పాడో లేదో నాకు తెలియదు. హ్యాండిల్ మాత్రం వదల్లేదు. ఆ వెంటనే నేను. నా కుడి చేయి వెళ్లి సీసా అందుకుంది.

నేను అనుకుని చేయలేదు. రోడ్డు పక్క నుంచి చాచిన సీసా ఏదైనా అందుకోవడం మా పని. చేయి దానంతటదే వెళుతుంది. అబెలార్దో వేళ్లు తగిలాయి. చల్లగా ఉన్నాయి. సీసా గోరువెచ్చగా ఉంది.

ఎక్కుడు మొదటి మలుపు దాటాం. అప్పుడు ఇలారియో ఎడమ చేయి హ్యాండిల్ వదిలి నడుం మీదికి వచ్చింది. అరచేయి పైకి తెరిచి ఉంది. వెనక్కి చూడలేదు. వేళ్లు ఒకసారి మూసుకుని మళ్లీ తెరుచుకున్నాయి.

పది పెడల్ తిప్పుల సేపు ఆ చేయి అలాగే ఉంది. నేను లెక్కపెట్టాను. సీసా నా కుడి చేతిలో ఉంది. ఆ అరచేతికీ దానికీ మధ్య ఒక మూర. వెనక కారు ఒకసారి హారన్ కొట్టింది. అతనికి నీళ్లిస్తే పైదాకా ఈ వేగం నిలబెడతాడు, ముప్పై ఒక్క సెకన్లు పోతాయి, అన్సెల్మో మూడోసారి రెండో స్థానంలో ఇంటికి పోతాడు. ఇవ్వకపోతే పోవు. ఇది చాలా తేలిక లెక్క. చేయి తిరిగి హ్యాండిల్ మీదికి వెళ్లింది. సీసాను నా వెనక జేబులో, మడిచిన దినపత్రికల పక్కన పెట్టుకున్నాను.

తర్వాత గంటకు తక్కువే. ఇలారియో ముందు, నేను వెనక. ఒక్కసారి కూడా ముందుకెళ్లలేదు. పలక పట్టుకున్న మోటారు సైకిలు వచ్చి గుంపుకీ మాకూ ఎడం చూపించేది. ఇరవై సెకన్లు. ముప్పై ఎనిమిది. యాభై రెండు. ఆ లెక్కన కొంతసేపు పసుపు జెర్సీ ఇలారియోదే. అతను పలక వైపు చూసేవాడు, నేను కోత చూసేవాణ్ని. ఎండ నెత్తి మీదికి వచ్చింది. అతని జెర్సీ వీపు మీద ఉప్పు ముందు గీతలా వచ్చి, తర్వాత మ్యాపులా పాకింది. నాకు అలసట తెలియలేదు. దాహం కూడా తెలియలేదు. వీపు మీద సీసా ఒకటి అటూ ఇటూ కొట్టుకుంటోందని మాత్రం తెలిసింది.

ముగింపుకి ఇంకా నాలుగు కిలోమీటర్లని చెప్పే రాయి దగ్గర అతని భుజాలు ఊగడం మొదలుపెట్టాయి. మూడో రాయి దగ్గర సైకిలు రోడ్డుకి అడ్డంగా ఒక పక్క నుంచి ఇంకో పక్కకి పోతోంది. నోరు తెరిచి ఉంది, ఉమ్ము కూడా రావడం లేదు. కొండల్లో తీపీ నీళ్లూ అయిపోయినవాడు ఎలా ఉంటాడో అలాగే ఉన్నాడు. అది తెలుసుకోవడానికి చదువక్కర్లేదు. అప్పుడు కూడా వెనక్కి చేయి చాచలేదు. రోడ్డు పక్క ఎవరో ముసలాయన టోపీతో నీళ్లు తెచ్చి అతని నెత్తిన పోశాడు.

రెండో రాయి దగ్గర అన్సెల్మో ఇంకో నలుగురితో కలిసి వచ్చి మమ్మల్ని దాటాడు. దాటుతూ ఇలారియో మొహం చూశాడు, తర్వాత నా జేబులో పైకి కనిపిస్తున్న బిరడా చూశాడు. పద అని నాకు తలతో సైగ చేశాడు. నేను ఇలారియో చక్రం వదిలేశాను. నాలుగు రోజుల్లో మొదటిసారి ముందుకెళ్లి, గాలి నా రొమ్ము మీద తీసుకుని అన్సెల్మోని పైదాకా లాగాను. కాళ్లు తాజాగా ఉన్నాయి. ఇలారియో మా తర్వాత రెండు నిమిషాల పది సెకన్లకు వచ్చాడు.

దోన్ ఎఫ్రాయిన్ నన్ను కౌగిలించుకుని, పాఠం అప్పజెప్పినట్టు చేశావు పంతులూ అన్నారు. రేడియోవాళ్లు నన్ను గోడ అన్నారు.

సాయంత్రం విడిది వెనక తొట్టి దగ్గర సీసాలు కడిగాను. పదహారు మావి, పదిహేడోది అల్యూమినియంది. బిరడా తీసి కాలవలో వంచాను. బెల్లం నీళ్లు, అడుగున నిమ్మ గింజలు రెండు. బ్రష్షు పెట్టి తోమి మిగతావాటితో పాటు బోర్లించాను. అన్సెల్మో రువానా కప్పుకుని వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. నిన్ను ఎవరు పంపారని అడిగాడు. చెప్పాను.

"నేను మాటిచ్చాను పంతులూ."

"తెలుసు."

"వాడు అడిగితే ఏం చెప్పను?"

నేను బ్రష్షు దులిపి తొట్టి అంచున పెట్టాను. భోజనాల గంట కొట్టారు, లోపలికెళ్లి ఇద్దరం పక్కపక్కన కూర్చుని బంగాళదుంపల సూప్ తాగాం. మర్నాడు ఆఖరి అంచె చదునుగా ఉంటుంది, ఏమీ జరగలేదు. అన్సెల్మో గెలిచాడు. వేదిక మీద అతని భార్య ఏడ్చింది. జట్టు ఫొటోలో నేను కుడి చివర ఉన్నాను, కళ్లు మూసుకుని.

అబెలార్దో ఆ తర్వాత రెండో మంగళవారం పోయాడు. నాకు పరీక్షలు జరుగుతున్నాయి. తొమ్మిదో రోజు ప్రార్థనకి ఊరెళ్లాను, సీసా సంచిలో పెట్టుకుని. ఇల్లంతా జనం, కొవ్వొత్తులు, ఉడికిన మొక్కజొన్న వాసన. ఒతీలియా నన్ను వంటింట్లో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. ఆమె నా మీద కోపంగా లేదు. మా వైపు ఆప్యాయంగా అనే సుమెర్సె అన్న పిలుపుతో ఆ రోజు సంగతి తనంతట తనే చెప్పింది.

"రేడియోలో మీ పేర్లు చెప్పారు సుమెర్సె. ఇలారియో దూకాడు, వెనక పంతులున్నాడు అని. ఆయన ఒకటే నవ్వు. చూశావా, ఇద్దరూ కలిసే వస్తున్నారు అన్నాడు. ఇక ఆగరు, ఆగకూడదు, నా చేయి ఎత్తి పట్టుకో అన్నాడు. ముందువాడు తీసుకోలేడు, తెయోదులోకి అందేలా పట్టుకో, వాడు అందిస్తాడు అన్నాడు."

నేను అందుకోగానే ఆయనకి ఎంత తృప్తయిందో అని చెప్పింది. పైన ఏం జరిగిందో రేడియో చెప్పేలోపు బ్యాటరీ అయిపోయిందట. ఎవరూ ఆయనకి చెప్పలేదు.

నేను సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టాను. ఎంత శుభ్రంగా కడిగావో అంది. అప్పుడే ఇలారియో పెరట్లోంచి కట్టెలతో లోపలికి వచ్చాడు. కట్టెలు పొయ్యి పక్కన దించి, చేతులు దులుపుకుని సీసా వైపు చూశాడు. తర్వాత నా ఎదురుగా కూర్చున్నాడు. పోటీ గురించి ఒక్క మాట అనలేదు. పరీక్షలెలా రాశావని అడిగాడు. పర్వాలేదన్నాను. పక్కగదిలో ప్రార్థన చదువుతున్నారు. సీసాను వేలితో ఒక చుట్టు తిప్పాడు.

"తాగావా?"

"లేదు."

"ఎక్కుడంతా మోసి?"

"మోసి. సాయంత్రం వంచేశాను."

అతను తల ఊపాడు, ఆ రోజు ఒక్కడే ఊరికి వెళ్లబోతూ ఊపినట్టే.

"నువ్వైనా తాగాల్సింది," అన్నాడు.

డిసెంబరులో పట్టా వచ్చింది. ఇప్పుడు శాన్ రోకెకి నలభై కిలోమీటర్ల దూరంలో, రైతులకి నేలలు పరీక్షించి చెప్పే ఉద్యోగం చేస్తున్నాను. ఇలారియో ఇంకో ఆరేళ్లు తొక్కాడు, ఆ పోటీ గెలవలేదు. సీసా వాళ్లింట్లోనే ఉంది. పండగలకి వెళితే పలకరించుకుంటాం, ఒకరింట్లో ఒకరం తింటాం. చెప్పింది చేసే మనిషినని నాకు మంచి పేరుంది.

పాత పత్రికల్లో ఆ ఏటి ఫలితాలు దొరుకుతాయి. పైన అన్సెల్మో పేరుంటుంది. ఐదో వరసలో ఇలారియోది. ఓపిగ్గా వెతికితే ముప్పై మూడో వరసలో నాదీ ఉంటుంది. రొట్టెల కొట్టు ముందు కుర్చీలో కూర్చుని, మేమిద్దరం కలిసే వస్తున్నామని నమ్మి సీసా చాచిన మనిషి పేరు అందులో ఉండదు. అతని పేరు అబెలార్దో సియాచోకె. ఎప్పుడైనా మీ రోడ్డు మీద సైకిళ్లు పోతుంటే, పక్కన సీసా పట్టుకుని నిలబడ్డ మనిషెవరైనా కనిపిస్తే, దయచేసి ఒకసారి అతన్ని తలుచుకోండి.